ఆఖరి వరుసకు కనపడే కత్తి

మిట్టమధ్యాహ్నం కావడానికి కొద్ది ఘడియల ముందు ధూమదుర్గం ఉత్తరద్వారం దగ్గరకు ఒక నూనెకావడివాడు వచ్చి నిలబడ్డాడు. మోకాళ్ళ పైకి ఎగగట్టిన మాసిన పంచె, నెత్తిన పాత గుడ్డ, ముఖమంతా మసి. అన్నీ సరిగ్గానే ఉన్నాయి గాని కావడిబద్దే కాస్త తేడాగా ఉంది. గోనెపట్టా చుట్టి, నడుమ లావుగా, రెండు కొసలా సన్నగా, ఏ దూలం లోంచి చెక్కారో తెలియనంత బరువుగా ఉంది. బొమ్మలాట దీపాలకు నూనె తెచ్చానని వాడు చెప్పాడు. కాపలాభటుడు కుండలో వేలు ముంచి, వాసన చూసి, లోపలికి పొమ్మన్నాడు.

ఆ నూనెవాడు మందరావతీ రాజ్యపు యువరాజు ప్రద్యోతుడు. భుజాన ఉన్నది కావడిబద్ద కాదు, అతని ఖడ్గం. ఆ ఖడ్గం పుట్టి ఏడాది దాటింది. ఒక పనికి అక్కరకు రావడం మాత్రం ఇదే మొదలు, అదీ నూనెకుండలు మోయడానికి.

మంచి కత్తి ఒకటి నడుముకు దోపుకుని రాకూడదా అని పాఠకులు అడగవచ్చు. రాకూడదు. మందరావతిలో ఖడ్గవ్రతం అని ఒక ఆచారం ఉంది. యుక్తవయసు వచ్చిన రాకుమారుడు నిండుసభలో నిలబడి తన కత్తి ఎలా ఉండాలో తన నోటితో చెప్పాలి. చెప్పింది చెప్పినట్టు కమ్మరులు చేసి ఇవ్వాలి, వెంట్రుకవాసి మార్చకూడదు. మొదటి విజయం దక్కేదాకా ఆ రాకుమారుడు మరో కత్తి ముట్టకూడదు. ప్రద్యోతుడి తాతముత్తాతలందరూ సభలో లేచి, తిన్నగా ఉండి కోసే అలుగు, పిడికిట్లో ఇమిడే పిడి అని రెండు ముక్కలు చెప్పి కూర్చున్నవాళ్ళే. అందుకే ఈ ఆచారంలో ఎంత గొయ్యి ఉందో తరతరాలుగా ఎవరికీ తెలిసిరాలేదు.

ఆ గోతిలో మొదట పడ్డవాడు ప్రద్యోతుడు. ఛాయాదత్తుడనే తోలుబొమ్మలాటగాడు ఏటా వసంతోత్సవాలకు రాజధానికి వచ్చి రాబోయే యుగాల కథలు ఆడేవాడు. లోహపు ఓడలెక్కి నక్షత్రం నుంచి నక్షత్రానికి పోయే వీరులు, ఆకాశంలో తేలే కోటలు, ఆ కోటల గుమ్మాల్లో ద్వంద్వయుద్ధాలు. ఆ వీరుల చేతుల్లో కత్తులు మండేవి, తిప్పితే ఝుమ్మని పాడేవి. పట్టుపరుపు మీద కూర్చుని రాకుమారుడు రెప్ప వేయకుండా చూసేవాడు. సభలో తన వంతు రాగానే అతడు తడుముకోకుండా చెప్పాడు. పిడి నడుమ ఉండాలి, అటొక అలుగు ఇటొక అలుగు ఉండాలి. పిడి పక్కన గబ్బిలం రెక్కల్లాగా ముళ్ళు రావాలి. అలుగుల పొడవునా గాడి తవ్వి గంధకం కలిపిన నూనెవత్తి అమర్చాలి, ముట్టిస్తే కత్తి భగ్గుమనాలి. అలుగులకు బెజ్జాలు వేయాలి, విసిరితే పాడాలి. తా వలచింది రంభ, తా మునిగింది గంగ అన్నట్టు సాగింది వ్యవహారం. సభ సభంతా చప్పట్లు కొట్టింది. ఆ చప్పట్ల మత్తులో రాకుమారుడు ఇంకో మాట కూడా అనేశాడు. తన అంగరక్షక దళం మొత్తానికి అలాంటి కత్తులే ఇవ్వాలన్నాడు.

సరిహద్దు పల్లెల మనుషుల్ని ఎత్తుకుపోతున్న ధూమకంఠుడనే మాంత్రికుణ్ణి పట్టుకురావడానికి ఆ దళం కాకులకనుమలోకి దిగింది. తెల్లవారుతున్నది, మంచు కమ్మి ఉంది. బెజ్జాల్లోంచి గాలి దూరి కత్తులు మూలుగుతుంటే వీళ్ళ రాక అరకోసు దూరానికి తెలిసిపోయింది. వత్తులు ముట్టించగానే ఎవడు ఎక్కడున్నాడో కొండమీది విలుకాళ్ళకు దివిటీ పట్టి చూపించినట్టయింది. మంటకు గుర్రాలు బెదిరి నిలువునా లేచాయి. కనుమలో ఇద్దరు పక్కపక్కన పట్టడమే కష్టం, అక్కడ ఒకడి ముళ్ళు ఇంకొకడి ముళ్ళలో చిక్కుకుని ఎటు లాగినా రాలేదు. వేటు వేసేముందు వెన్ను తిప్పి ఒక చుట్టు చుట్టాలని రాకుమారుడు స్వయంగా నేర్పాడు గనుక వాళ్ళు పద్ధతి తప్పకుండా చుట్టారు. ధూమకంఠుడి మనుషులు లావుపాటి గుదియకర్రలతో ఆ తిరిగిన వీపుల మీద బాదారు. ప్రద్యోతుడు ముందు అలుగు ఎత్తితే వెనక అలుగు తన గుర్రం పిర్రలోకే దిగింది. గుర్రం ప్రాణభయంతో కనుమ దాటి, ఏరు దాటి, మందరావతి పొలిమేరలో గాని ఆగలేదు. దళమంతా బందీ అయింది. బయటపడ్డది రాకుమారుడు ఒక్కడే. పారిపోయింది తాను కాదు గుర్రమని చెబితే నమ్మేవాడెవడు? ఊళ్ళో ఎవరూ ఏమీ అనలేదు. అది మరీ దుర్భరమైంది. అద్దంలో తన ముఖం చూసుకోవడం కూడా అతడు మానేశాడు.

అలా కుమిలిపోతున్నవాడికి రెండు వార్తలు తెలిశాయి. ఈరోజు మిట్టమధ్యాహ్నం ధూమకంఠుడు బందీలైన అంగరక్షకుల్ని రాతిబొమ్మలుగా మారుస్తాడన్నది ఒకటి. ఛాయాదత్తుడు ఇప్పుడు ఆ మాంత్రికుడి ధూమదుర్గంలోనే ఆడుతున్నాడన్నది రెండోది. అదీ సంగతి అనుకున్నాడు ప్రద్యోతుడు. బొమ్మలాటగాడు శత్రువు పంపిన గూఢచారి, పనికిరాని కత్తిని ఏళ్ళ తరబడి తన కళ్ళలో నాటాడు. ముందు వాణ్ణి నరకాలి, తరువాత దళాన్ని విడిపించాలి. నిజం చెప్పాలంటే మొదటి పని తలుచుకుంటే అతనికి ప్రాణం కాస్త తేలికయింది.

దుర్గం నడుమ ఉన్న సభామంటపం కొండను తొలిచి చేసింది. వెలుగు చొరడానికి ఒక్క కిటికీ లేదు. గుండ్రటి గోడ చుట్టూ నల్లరాతి తలుపులు, అన్నీ ఒకే అచ్చున పోసినట్టుంటాయి. కప్పుకు స్ఫటికపు గుత్తులు వేలాడుతున్నాయి, నేలమీద నీలపురాళ్ళు పరిచారు, దివిటీల వెలుగులో ఆ రాళ్ళు తడిసినట్టు మెరుస్తున్నాయి. ఆ కప్పును మోస్తున్న స్తంభాలు మాత్రం స్తంభాలు కావు. మనుషులు. మెడ వంచి, భుజాలు కుంగి, కళ్ళు నేలకు దించి నిలబడ్డ రాతి మనుషులు. కొందరి చేతివేళ్ళకు ఉంగరాలు ఇంకా బంగారంగానే ఉన్నాయి.

ప్రద్యోతుడు తాను వచ్చిన తలుపును గుర్తుపెట్టుకుని వాళ్ళ మధ్యనుంచి నడిచి తెర వెనకకు వెళ్ళాడు. అక్కడ ఇరుకు గదిలో ఒక ముసలివాడు బాసింపట్టు వేసుకుని బొమ్మ కాలికి దారం కడుతున్నాడు. రాకుమారుడు కుండలు దించాడు, గోనెపట్టా లాగేశాడు, ఛాయాదత్తుడి మెడకు గురిపెట్టి ఖడ్గం పైకెత్తాడు. పై అలుగు పోయి కప్పుదూలంలో దిగబడింది. కింది అలుగు బొమ్మల పెట్టెలో దిగబడింది. ఊపాడు, గుంజాడు, కాలు పెట్టి తన్నాడు. కత్తి కదల్లేదు. ముసలివాడు దారం ముడి పూర్తిచేసి పళ్ళతో కొరికాడు.

"కాస్త వంగి రావలసింది, రాకుమారా. ఈ గది కప్పు పొట్టిది," అన్నాడు.

ప్రద్యోతుడు పళ్ళు కొరికి, ఎవరి ఉప్పు తిని ఎవరికి ద్రోహం చేశావని అడిగాడు. ఈ కత్తిని చూపించి తన దళాన్ని శత్రువుకు అప్పగించావన్నాడు. ఛాయాదత్తుడికి ముందు ఆ మాట అర్థం కాలేదు. అర్థమయ్యాక అతని ముఖం పాలిపోయింది. గోడకు ఆనించి ఉన్న తోలుకత్తి ఒకటి తీసి రాకుమారుడి చేతిలో పెట్టాడు. అది విసనకర్ర కంటే బరువు లేదు.

"నేను చేసిన కత్తి ఇది. ఒక్క అలుగే ఉంటే ఆఖరి వరుసలో కూర్చున్నవాళ్ళకు ఎవడు ఎవణ్ణి పొడిచాడో తెలియడంలేదని రెండోది కుట్టాను. ఎర్రరంగు పూసింది కూడా అందుకే. ఆ ఝంకారమంటారా, అది మా ఆవిడ ముక్కుతో తీసేది. ఆ వెన్ను తిప్పడం, అక్కడ నేను చెయ్యి మార్చుకోవాలి బాబూ, లేకపోతే బొమ్మ జారిపోతుంది. ఇనుముతో చేస్తారని కలలో కూడా అనుకోలేదు." ముసలివాడు సంకోచిస్తూనే అన్నాడు. "తమరు మొదటి వరుసలో కూర్చునేవారు గదా. బొమ్మల్ని ఆడించే పుల్లలు కనపడలేదా?"

కనపడ్డాయి. అన్నేళ్ళూ కనపడుతూనే ఉన్నాయి. చూడబుద్ధి కాలేదు, అంతే. ప్రద్యోతుడికి ఒళ్ళంతా చచ్చేంత సిగ్గు కమ్ముకొచ్చింది. ఇతడు ద్రోహి అయితే ఎంత బాగుండేది. కనుమలో జరిగినదానికి నింద మోయడానికి ఇంకో మనిషి దొరికేవాడు.

సిగ్గుపడుతూ కూర్చోవడానికి వ్యవధి లేదు. అవతల మంటపంలో బందీల అడుగుల చప్పుడు వినబడుతున్నది. ఛాయాదత్తుడు గబగబా సంగతి చెప్పాడు. తననూ కళ్ళకు గంతలు కట్టే తెచ్చారు, ఈ గదీ తెరా తప్ప తానేమీ ఎరగడు. అయితే తెర చిరుగులోంచి చాలాసార్లు చూశాడు. ధూమకంఠుడి మంత్రం మెడ వంచినవాడి మెడమీదే పారుతుంది. సిగ్గుతో వంగిన మెడ దానికి మరీ ఇష్టం. మెడ నిటారుగా లేస్తే అది నిలవలేదు. అందుకే ప్రతిసారీ ముందు బందీల ఓటమిని బొమ్మలాటగా ఆడించి వాళ్ళ తలలు దింపిస్తాడు. ఒకసారి ఎవడో గొర్రెల దొంగ తలెత్తి నవ్వుతూ నిలబడ్డాడు. నోరు దాటిన మంత్రం వృథాగా పోదు గనుక అది పోయి, చెప్పు సరిచేసుకోవడానికి వంగిన భటుడి మీద పడింది. మంత్రం విడిచాక కొంతసేపు మాంత్రికుడికి నోరు పెగలదు. ఈవేళ ఆడవలసింది కాకులకనుమ యుద్ధం. అంగరక్షకులు కత్తి పట్టడం చేతకాని దద్దమ్మలని ఆడమని ఆజ్ఞ.

"ఆట మారుద్దాం," అన్నాడు ప్రద్యోతుడు. "నా బొమ్మ ఏది?"

దీపాలు వెలిగాయి. బందీలు తెర ముందు నిలబడి ఉన్నారు, చేతులు వెనక్కి విరిచి కట్టారు. అందరి ముందు దళనాయకుడు విరూపన్న. రాజుగారి కాలంనుంచి ఆ ఇంటి ఉప్పు తిన్నవాడు, ఎన్నో యుద్ధాలు చూసినవాడు. అతని గడ్డం రొమ్మును తాకుతున్నది. దళమంతా అలాగే ఉంది. ఎవడికి వాడు తన చేతగానితనం వల్లే పక్కవాడు పట్టుబడ్డాడని కుమిలిపోతున్నాడు. ఎత్తుపీట మీద ధూమకంఠుడు పొగరంగు పట్టువస్త్రాలు కట్టి, జంబీరనిమ్మపండు వాసన చూస్తూ కూర్చున్నాడు.

తెరమీదికి రాకుమారుడి బొమ్మ గెంతుకుంటూ వచ్చింది. చేతిలో కత్తి దానికంటే పెద్దది. నాకు ఇటొక అలుగు కావాలి, అటొక అలుగు కావాలి, వీలైతే మీద ఇంకోటి కావాలి అని అది గారాలు పోయింది. కత్తి పాడాలన్నది. కమ్మరి బొమ్మ, పాట కావాలంటే వీణ చేయించుకోండి ప్రభూ అన్నది. రాకుమారుడి బొమ్మ కత్తిని ఒరలో పెట్టబోయి అటు తిప్పి ఇటు తిప్పి, ఒరకు రెండో మూతి లేదని ఏడ్చింది. గుర్రం ఎక్కబోతే కత్తి గడపకు అడ్డం పడింది. సేనాపతి బొమ్మను పిలిచి, శత్రువు ఎదురైతే ముందు వీపు చూపించాలి, అది మన మర్యాద అని పాఠం చెప్పింది. ఆ గొంతు ఎవరిదో బందీల్లో మొదట విరూపన్న గుర్తుపట్టాడు. అతని గడ్డం రొమ్మునుంచి లేచింది.

ధూమకంఠుడు కూడా పడీపడీ నవ్వాడు. ఓడినవాళ్ళ అవమానం ఎవరి మీదుగా ఆడితేనేం అనుకున్నాడు. కత్తి వెనక అలుగు గుర్రం పిర్రలో దిగి, గుర్రం రాకుమారుణ్ణి ఎత్తుకుని తెర ఈ కొసనుంచి ఆ కొసకు పరిగెత్తినప్పుడు బందీల్లో ఎవడో ఫక్కుమన్నాడు. ఆ పక్కవాడు ఆపుకోలేకపోయాడు. కాసేపటికి దళమంతా నవ్వుతున్నది. తెర వెనక ప్రద్యోతుడు ఆ నవ్వు విన్నాడు. తాను ప్రాణంగా చూసుకున్న మనుషులు తనను చూసి నవ్వుతున్నారు. నవ్వించింది తానే అయినా, చెవులు మూసుకుందామనిపించింది. మూసుకోలేదు. బొమ్మను కింద పెట్టి, ముఖం మీది మసి పంచెకొంగుతో తుడుచుకుని, తెర ఎత్తి వాళ్ళ ముందుకు వచ్చాడు.

నవ్వు ఆగిపోయింది. అతడు వాళ్ళ ముఖాలు చూడలేక నేలమీది నీలపురాళ్ళను చూస్తూ మాట్లాడాడు.

"మీ చేతులు చెడ్డవి కావు. కత్తి చెడ్డది. అది బొమ్మలాటలోది. ముచ్చటపడి మీ చేతుల్లో పెట్టాను. మీలో ఎవరూ తప్పు చేయలేదు. తప్పు నాది. వదిలేసి పోయినవాణ్ణి కూడా నేనే."

మంటపంలో తలలన్నీ లేచాయి. సరిగ్గా అప్పుడే మధ్యాహ్నపు భేరి మోగింది. ధూమకంఠుడు కోపంతో ఊగిపోతూ లేచి చేతులు చాచి మంత్రం విడిచాడు. పొగలాంటిదేదో బందీల మీదుగా పాకింది. నిటారుగా నిలిచిన మెడలను తడిమి చూసింది, ఎక్కడా చోటు దొరకలేదు. దిమ్మతిరిగినట్టు గుండ్రంగా తిరిగి, మంటపం మొత్తంలో ప్రాణముండీ వంగి ఉన్న మెడ ఒకే ఒక్కటి కనపడి దానిమీద వాలింది. ప్రద్యోతుడి పాదాలు చల్లబడ్డాయి. చూస్తుండగానే బొటనవేళ్ళు నల్లరాయి అయ్యాయి.

ఆ తరువాత అంతా గందరగోళం. ధూమకంఠుడు నోరు తెరిచాడు గాని మాట పెగలక, భటుల్ని పిలవడానికి చేతులు ఊపుకుంటూ ఒక తలుపులోంచి పరిగెత్తాడు. ఛాయాదత్తుడు బొమ్మల పెట్టె పగలగొట్టి దూలంలోంచి ఊడబెరికిన ఖడ్గాన్ని ఈడ్చుకొచ్చి నేలమీద నిలబెట్టాడు. బందీలు ఇద్దరిద్దరు వచ్చి అటొకడు ఇటొకడు తాళ్ళు రాసుకుని తెంపుకున్నారు. ఆ కత్తి యుద్ధంలో చేయని పని చకచకా చేసింది. అక్కడున్న కొద్దిమంది భటులు గుదియలు పోగొట్టుకుని స్తంభాల చాటుకు పారిపోయారు. దూరంగా ఎక్కడో చాలామంది పరిగెత్తి వస్తున్న చప్పుడు మొదలైంది.

విరూపన్న ఒక్క గంతులో రాకుమారుడి దగ్గరకు వచ్చాడు. రాయి మోకాళ్ళు దాటింది.

"తలెత్తండి బాబూ. తలెత్తితే అది నిలబడదని ఛాయాదత్తుడు అంటున్నాడు."

ప్రద్యోతుడు ఎత్తబోయాడు. కాస్త ఎత్తేసరికి విరూపన్న కుడిచెయ్యి కనపడింది. రెండు వేళ్ళు లేవు. గుదియ దెబ్బకు వేళ్ళు తెగవు. శత్రువుల దగ్గర ఆరోజు కత్తులే లేవు. కనుమలో తన వెనకే గుర్రం మీద వచ్చింది విరూపన్న. అంతా ఒక్కసారిగా తెలిసి అతని తల మళ్ళీ వాలిపోయింది. రాయి నడుముకు చేరింది.

"అది నా కత్తేనా?" అని మెల్లిగా అడిగాడు.

"మీదే. అప్పుడే తెలుసు. ముందు తలెత్తండి."

తెలిసి కూడా ఈ మనిషి ఇన్నాళ్ళూ తన తలే దించుకుని నిలబడ్డాడు. ఆ సంగతి మెడమీద ఇంకో బండలా పడింది. ప్రద్యోతుడు ఎంత ప్రయత్నించినా తల లేవలేదు. దళంలోవాళ్ళు చుట్టూ చేరి ప్రభూ, ప్రభూ అని పిలుస్తున్నారు. ఆ పిలుపు వినలేక అతడు కళ్ళు మూసుకున్నాడు. రాయి రొమ్ము ఎక్కుతున్నది.

విరూపన్న ఇక బతిమాలలేదు. నీలపురాళ్ళ మీద వెల్లకిలా పడుకుని, వంగిన రాకుమారుడి ముఖం కిందికి తన ముఖం తెచ్చాడు. ఇప్పుడు కళ్ళు తెరిస్తే అతణ్ణి చూడక తప్పదు.

"బాబూ, నన్ను తరువాత చూద్దురుగాని. మమ్మల్ని గంతలు కట్టి తెచ్చారు. ఛాయాదత్తుడికీ తెలియదు. తలుపులన్నీ ఒక్కలాగే ఉన్నాయి. బయటినుంచి కళ్ళారా చూస్తూ వచ్చింది మీరు ఒక్కరే. ఏ తలుపో చెప్పండి. తప్పు తలుపు తెరిస్తే వాళ్ళ చేతుల్లోనే పడతాం. మనవాళ్ళు మీ ఆజ్ఞ కోసం నిలబడ్డారు."

ప్రద్యోతుడు కళ్ళు తెరిచాడు. కింద విరూపన్న ముఖం ఉంది, అందులో కోపం లేదు, తొందర మాత్రం ఉంది. తలుపు ఏదో చెప్పాలంటే గోడ చూడాలి. గోడ చూడాలంటే వాళ్ళందరి ముఖాలూ దాటుకుని చూడాలి.

రాయి మెడ మొదటికి వచ్చి ఆగకుండా పైకి పాకుతున్నది. రాకుమారుడు పళ్ళు బిగించి, తన మనుషుల ముఖాలను ఒక్కొక్కటిగా చూస్తూ, తలుపు కోసం తల ఎత్తడం మొదలుపెట్టాడు.